అక్క తలుపుకి నాలుగు వేళ్ళు తక్కువ

నా సర్వీసులో పై అధికారి ఒక మాట చెప్తే ఎదురు మాట్లాడకుండా ఊరుకున్నది ఒక్కసారే. నాతో పనిచేసినవాళ్ళు ఈ వాక్యం చదివి, "ఆ రోజు ఆవిడకి గొంతు పోయిందేమో" అనుకుంటారు. గొంతు బాగానే ఉంది. కారణం ఒక లాకు తలుపు. ఈ ఏడాది ఇరిగేషన్ శాఖలో కొత్తగా అసిస్టెంటు ఇంజనీర్లుగా చేరి, చేతిలో టేపూ బుర్రలో కాలేజీ పెట్టుకుని కాలవ గట్ల మీదికి వస్తున్న పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకోండి, అదీ లాభమే.

మాది పల్నాడు. మా ఇంట్లో నలుగురం కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటుంటే కొట్టుకుంటున్నారేమోనని పక్కింటివాళ్ళు తొంగిచూసేవారు. ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళాక, క్లాసంతా మగపిల్లలైతే, ఆ గొంతుకి ఇంకాస్త పదును పెట్టుకున్నాను. అలాంటిదాన్ని తీసుకొచ్చి కోనసీమలో వేశారు. అక్కడ మనిషిని తిట్టాలన్నా ముందు "అండీ" అని తర్వాత తిడతారు. గేదెని తోలుతూ కూడా "పదండి పదండి" అంటారని మా ఆఫీసు గుమాస్తా చెప్తే వెటకారమనుకున్నాను. రెండో వారంలో మామిడికుదురు దగ్గర నా చెవులతో విన్నాను.

అన్నిటికంటే నన్ను తికమక పెట్టింది "ఆయ్" అన్న మాట. ఏం చెప్పినా "ఆయ్". సిమెంటొచ్చిందా, ఆయ్. రేపు పొద్దున్నే రావాలి, ఆయ్. మా వైపు ఔనంటే ఔను, కాదంటే గొడవ. మధ్యలో ఇంకేం లేదు. కాబట్టి ఆయ్ అంటే ఔననుకున్నాను. ఇంత మర్యాదస్తులైన జనం, చెప్పినదానికల్లా ఔనంటున్నారు, ఉద్యోగం ఎంత హాయి అని కూడా అనుకున్నాను.

నాకప్పగించిన పని, రాజోలు వైపు వెళ్ళే కాలవ మీద ఒక పాత లాకుకి తలుపులు మార్చడం. లాకు చూడనివాళ్ళకి చెప్పాలి. కాలవలో నీటి మట్టం ఒక్కసారిగా దిగిపోయే చోట, పడవ మెల్లగా దిగడానికి దొరల కాలంలో రాతి గోడల మధ్య కట్టిన మెట్టు అది. రెండు గోడలకీ రెండు తలుపులు వేలాడుతుంటాయి. మూస్తే మధ్యలో కలుసుకుని, నీళ్ళు వచ్చే వైపుకి ముక్కు చాపినట్టు నిలబడతాయి. నీళ్ళు ఎంత నెడితే అంత బిగుస్తాయి. ఇప్పుడు పడవలు లేవు. కానీ ఆ తలుపులు మూస్తేనే పైన నీళ్ళు నిలుస్తాయి, నిలిస్తేనే పక్కనుంచి చీలే పిల్లకాలవలోకి ఎక్కుతాయి. ఆ పిల్లకాలవ చివర సముద్రం వైపు ఊళ్ళున్నాయి. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు వస్తాయి. వాళ్ళ మంచినీళ్ళ చెరువు ఏడాదికోసారి వేసవిలో అడుగంటుతుంది, మళ్ళీ ఆ కాలవ నీళ్ళతోనే నిండాలి. కొత్త తలుపులు నిలబడకపోతే ఆ ఊళ్ళకి తాగడానికి నీళ్ళుండవు. ఈ కథలో భయమంతా అదే, ఇంకేం లేదు.

పాతవి టేకు తలుపులు. ఎన్ని తరాలు నానాయో ఎవరికీ లెక్క తెలీదు. కింది అంచులు చిరిగిన చాపలా అయిపోయాయి. వాటి స్థానంలో ఇనప తలుపులు రావాలి. వేసవిలో కాలవలు కట్టేసే కొద్ది వారాల్లోనే ఏం చేసినా చేయాలి.

ఆ లాకుకి ఒక లస్కరు గారున్నారు. తలుపులు తెరిచేది, మూసేది, గుర్రపుడెక్క లాగేది, గ్రీజు పెట్టేది ఆయనే. వాళ్ళ నాన్నగారూ అక్కడ లస్కరే. లాకు పక్క క్వార్టరులోనే పుట్టారట. సన్నటి మనిషి, చొక్కా కాలరుకి వెనక గొడుగు తగిలించుకుని సైకిలు మీద వచ్చేవారు. ఏదడిగినా చాలా దూరం నుంచి మొదలుపెట్టేవారు.

"అసలు సంగతేంటంటేనండీ, మా నాన్నగారి టైములోనండీ, వరదొచ్చినప్పుడండీ..."

"లస్కరు గారూ, నేనడిగింది గ్రీజు ఉందా లేదా అని. ఔనా, కాదా?"

"ఆయ్."

మొదటి నెలలో ఇలా పది పన్నెండు సార్లు ఆయన మాట మధ్యలో తుంచేశాను. తర్వాత ఆయన మొదలుపెట్టడమే మానేశారు. నేను సాధించాననుకున్నాను.

కాలవ కట్టేసిన నాలుగో రోజు కొలతలకి వెళ్ళాను. అడుగున బురద. ఊళ్ళో సగం మంది గోతుల్లో కొరమేనులు పట్టుకుంటున్నారు. కుడి తలుపు శుభ్రంగా ఉంది. ఎడమ తలుపు ముందు పూడిక నడుం దాకా, దాని మీద గుర్రపుడెక్క గుట్ట, పైన ఒక కందిరీగల గూడు. కుడి తలుపుని పైనా కిందా టేపు పెట్టి రెండేసి సార్లు కొలిచాను. ఎడమదాని వైపు చూశాను. కందిరీగలు నా వైపు చూశాయి.

"లస్కరు గారూ, రెండూ ఒకటేగా?"

ఆయన గొడుగు పిడి సవరించుకుని, "అక్కాచెల్లెళ్ళండి" అన్నారు.

"అంటే ఒకటేగా?"

కాస్త ఆగి, "ఆయ్" అన్నారు.

నోటు పుస్తకంలో "రెండు తలుపులూ సమానం" అని రాసి, కింద గీత కూడా గీశాను. ఆ గీత ఇప్పటికీ నా కళ్ళకి కనిపిస్తుంది.

తలుపులు తయారై రావడానికి అనుకున్నదానికంటే వారం ఆలస్యమైంది. దానికి నేను ఫోన్లో వాదించిన వాదన గురించి ఆ వర్క్‌షాపువాళ్ళు మనవలకి చెప్పుకుంటారు, అది వేరే సంగతి. చివరికి తలుపులు గట్టు మీద దిగేసరికి నీళ్ళు వదలడానికి ఇంక మూడు రోజులే ఉంది. తాటిపాక దగ్గర చమురు పనులకొచ్చిన క్రేనునొకదాన్ని బతిమాలి తెచ్చాం. బతిమాలింది గుమాస్తా. నేను బతిమాలితే రాదని ఆయనకి ముందే తెలుసు.

కుడి తలుపు దింపారు. రాతి గోడలోని తొడుగులోకి, వెన్నలోకి చెంచాలా దిగింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కాస్త నవ్వి ఉంటాను. ఎడమది దింపారు. అదీ దిగింది. రెండూ కలిపి మూయమన్నాను. మూశారు.

మధ్యలో ఒక సందు. పైనుంచి కిందిదాకా నిలువునా, నా నాలుగు వేళ్ళు పట్టేంత. ఆ సందులోంచి అవతల గట్టు మీద నిలబడ్డవాళ్ళ పంచెలు కనిపిస్తున్నాయి.

అందరూ ఆ సందు తమకి కనిపించనట్టు నటిస్తున్నారు. ఆ మర్యాద చూస్తే ఒళ్ళు మండింది.

"లస్కరు గారూ! రెండూ ఒకటేనన్నారు కదండీ!"

"అనలేదండి. అక్కాచెల్లెళ్ళని చెప్పేనండి."

"అక్కాచెల్లెళ్ళంటే?"

"ఎడమది అక్కండి, కుడిది చెల్లండి. మా నాన్నగారూ అలాగే పిలిచేవారండి."

"అక్క పెద్దదని చెప్పాలా వద్దా?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "అక్క పెద్దది కాక చిన్నదవుద్దాండీ?"

గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. మరి నేను సమానమా అనడిగితే ఆయ్ అన్నారుగా అని అడిగే లోపలే జవాబు నాకే తట్టింది. ఆ "ఆయ్"కి ముందు ఆయన కాస్త ఆగారు. ఆగిన చోట ఒక కథంతా ఉంది. ఆ కథ చెప్పమన్నాను. ఈసారి తుంచలేదు. వాళ్ళ తాతగారి హయాంలో ఎడమ గోడ కడుపులా ముందుకి ఉబ్బితే, విప్పి కాస్త వెనక్కి జరిపి కట్టేరట. గోడ జరిగింది కాబట్టి ఆ వైపు తలుపుని అంత వెడల్పుగా చేయించేరట. అప్పటినుంచీ అది అక్క. చెప్పడం పూర్తవడానికి అయిదు నిమిషాలు పట్టింది. నేను నెల రోజుల్లో ఆదా చేసుకున్న సమయమంతా కలిపితే ఆ అయిదు నిమిషాలు.

తలుపులు తెచ్చిన కాంట్రాక్టరు పక్కకి పిలిచి, "లస్కరు తప్పు చెప్పాడని ఒక ముక్క రాసేయండి మేడం, మీ మీదికి రాదు" అన్నాడు. అతనికి నేను చెప్పిన సమాధానం ఇక్కడ రాయను. అందులో "అండీ" మాత్రం ఒక్కటి కూడా లేదు.

మా పై అధికారి ఈఈ గారికి ఫోను చేశాను. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. అక్కడివారే. వాళ్ళ నాన్నగారు వేదం చెప్పిన పండితులు. చిన్నప్పుడు ఈయన కూడా కొన్నేళ్ళు ఆయన ముందు కూర్చుని వేదం వల్లెవేసి, తర్వాత ఇంజనీరింగుకి వెళ్ళారు. కోపమొచ్చినా ఆయన గొంతు పెరిగేది కాదు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ పెరిగేది.

"కొలత ఎవరు తీసుకున్నారండి?"

"నేనేనండి. తప్పూ నాదేనండి."

ఖాళీ. "మూడు రోజుల్లో ఏం చేస్తారు?"

"ఏదో ఒకటి చేస్తామండి."

ఇంకా పెద్ద ఖాళీ. "సరేనండి. కింద ఊళ్ళవాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారు. గుర్తుపెట్టుకోండి."

ఫోను పెట్టేసి గట్టు మీద కూలబడ్డాను. కొత్త తలుపు చేయించే టైము లేదు. ఇనప పలక అతికిద్దామంటే రెండు ఇనప అంచులు సరిగ్గా కలవాలి, ఆ నునుపు గట్టు మీద రాదు. లస్కరు గారు దగ్గరికొచ్చి నిలబడ్డారు. చెప్పాలా వద్దా అన్నట్టు గొడుగు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చేరు.

"చెప్పండి" అన్నాను. "దూరం నుంచే మొదలుపెట్టండి, పర్లేదు."

"ఓడలరేవులో మా బావున్నాడండి. పడవలు కడతాడండి..."

ఆ బావగారు మధ్యాహ్నానికల్లా ఆటోలో దిగారు. వేట పడవలు కట్టే మేస్త్రి. మనిషి లస్కరు గారికి రెండింతలు, నోరు పదింతలు. సందులో చెయ్యి పెట్టి చూసి, "ఏం బావా, మీ అక్క ఇలా చిక్కిపోయిందేంటి? తిండి పెట్టలేదా?" అన్నాడు.

"కొత్తది కదా బావా."

"నువ్వు ముందే నోరు విప్పితే ఇంతదాకా వచ్చునా?"

"మేడంగారు విప్పనిచ్చేరేంటి?" అన్నారు లస్కరు గారు, నేను వినడం లేదనుకుని.

మేస్త్రి టేపు అడగలేదు. కొబ్బరాకు ఒకటి తెప్పించి ఈనెలు చీల్చి, సందులో పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి అడ్డంగా పెట్టి గోరుతో తుంచాడు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. మూడూ మూడు కొలతలు. కింద కాస్త ఇరుకు, పైన కాస్త వెడల్పు. ఆ కొలతలకి ఒక కర్ర చెక్కి తలుపు అంచుకి బిగించేద్దామన్నాడు. "సమానం" అని గీత గీసిన నేను ఆ ఈనెల వంక చాలాసేపు చూశాను.

"కర్ర ఎక్కడ తెస్తామండీ, ఇంత పొడవుది? ఈ వేళకి మిల్లుల్లో దొరకదు" అన్నాను.

మేస్త్రి గట్టు మీద పడేసున్న పాత టేకు తలుపుల వైపు గడ్డం చూపించాడు. "అదిగోనండి పెద్దక్క. అడుగు పోయింది గానీ నిలువు కర్ర ఇనుములా ఉందండి. ఇన్నేళ్ళు నీళ్ళలో ఉన్న కర్రండి, కొత్తగా నేర్పక్కర్లేదు."

పాత అక్క తలుపు నిలువు కర్రని కోసి, ఈనెల కొలతకి చిత్రిక పట్టి, కొత్త అక్క తలుపు అంచుకి బెజ్జాలు కొట్టి బోల్టులతో బిగించారు. చేర్పుల్లో దూది తాళ్ళు గుగ్గిలం నూనెలో ముంచి, పడవకి కూరినట్టే ఉలితో కూరారు. రెండు పగళ్ళు పట్టింది. ఊళ్ళోవాళ్ళు వంతులవారీగా వచ్చి సలహాలిచ్చారు. నేను వాళ్ళతో వంతులవారీగా వాదించాను. మజ్జిగ కూడా వాళ్ళే తెచ్చారు. మేస్త్రికి మాత్రం ఒక్క మాటా ఎదురు చెప్పలేదు, ఎందుకంటే అతను నాకా సందు ఇవ్వలేదు.

మూడో రోజు పొద్దున్న నీళ్ళొచ్చాయి.

కాలవలోకి మొదటి నీళ్ళు రావడం చూడాలి మీరు. నురుగు తోసుకుంటూ, చెత్త ముందు పెట్టుకుని, పెళ్ళివారిలా హడావిడిగా వస్తాయి. తలుపులు మూసి ఉంచాం. నీళ్ళు వచ్చి ఆనాయి. మట్టం ఎక్కడం మొదలైంది. గేజి రాయి మీద గీతలు ఒక్కొక్కటీ మునుగుతున్నాయి. పిల్లకాలవ తూములోకి నీళ్ళెక్కాలంటే ఇంకో మూరెడు పెరగాలి.

అప్పుడు చిమ్మింది. కొత్తగా బిగించిన కర్రకీ చెల్లి తలుపుకీ మధ్య నుంచి, పైనుంచి కిందిదాకా. సన్నటి నీటి తెర, విసనకర్రలా విప్పుకుని అవతల పడుతోంది. గేజి దగ్గర మట్టం ఆగిపోయింది. పిల్లకాలవ తూము ముందు ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు పదిమంది నిలబడున్నారు. వాళ్ళలో ఒకావిడ బిందె కూడా తెచ్చుకుంది, శకునానికి మొదటి నీళ్ళు పట్టుకెళ్ళాలని. ఆ బిందె ఖాళీగా ఉంది. నేను దాని వైపు చూడలేకపోయాను.

ఫోను మోగింది. ఈఈ గారు. ఎవరో అప్పటికే వీడియో పంపేశారు.

"కారుతోందటకదండి."

"ఔనండి."

"బోల్టులు ఊడి కర్ర కొట్టుకుపోతే ప్రమాదమండి. తలుపులు తెరిపించేయండి. నీళ్ళు కిందికి వదిలేసి, రేపు ఇసుక బస్తాలతో ఏదైనా చూద్దాం. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను."

తెరిస్తే నీళ్ళన్నీ కిందికి పోతాయి, పిల్లకాలవకి చుక్క ఎక్కదు. ఆ రోజూ ఎక్కదు, బస్తాల పని అయ్యేదాకా ఎక్కదు. కానీ ఆయన అన్నదాంట్లో న్యాయముంది. నా లెక్క ఒకసారి తప్పింది, రెండోసారి తప్పదని చెప్పే ముఖం నాకు లేదు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని లస్కరు గారికి చేత్తో సైగ చేశాను, తెరవండి అని.

ఆయన కదల్లేదు.

"తెరవండి లస్కరు గారూ."

ఆయన తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడున్నారు, జ్వరం చూసినట్టు. నా వైపు తిరిగి, "కాదండి" అన్నారు.

సర్వీసంతా ఆయన ఒక అధికారితో ఆ మాట అని ఉండరు. అన్నాక ఆయనకే భయమేసినట్టుంది, గొంతు తగ్గించి గబగబా చెప్పేరు. "కర్ర ఇన్ని రోజులూ ఎండలో పడుందండి. ఇప్పుడు తాగుతోందండి. దూది కూడా తాగుతోందండి. తాగనివ్వాలండి. తెరిస్తే మళ్ళీ మొదటికొస్తాదండి. బోల్టు కదిలితే నా చేతికి తెలుస్తాదండి, నేనే తెరుస్తానండి."

ఫోన్లో ఈఈ గారు. "వింటున్నారా అండీ? తెరిపిస్తున్నారా?"

నా దగ్గర వాదనలు బోలెడున్నాయి. కర్ర గురించి, దూది గురించి, మట్టం గురించి. మామూలు రోజైతే అరగంట మాట్లాడేదాన్ని. లస్కరు గారి చేతి వైపు చూశాను. అది తలుపు మీంచి కదల్లేదు. నేను కొంచెం ఆగి ఫోన్లోకి అన్నాను:

"ఆయ్."

ఆయన పెట్టేశారు. నేను గట్టు మీద, లస్కరు గారి పక్కన కూర్చున్నాను. మేస్త్రి ఇంకో పక్క. "ఇప్పుడు ఏవీ ముట్టుకోకండి మేడంగారూ, కోడి పొదుగుతోందనుకోండి" అన్నాడు. ముట్టుకోలేదు. కాసేపటికి నీటి తెర పైభాగం చిరిగినట్టయింది. తర్వాత అక్కడక్కడా జల్లయింది. ఇంకాసేపటికి ధారలు లెక్కపెట్టగలిగాం, ఏడు. ఆరు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అడుగున ఒక్కటి మిగిలింది, ముక్కు కారినట్టు. లస్కరు గారు చెయ్యి తీసి, చొక్కాకి తుడుచుకున్నారు. గేజి రాయి మీద ఆగిన చోట నుంచి మళ్ళీ గీతలు మునగడం మొదలైంది.

తూము దగ్గర కేకలు వినిపించాయి. బిందె ఉన్నావిడ మోకాళ్ళ దాకా పిల్లకాలవలోకి దిగి, మొదటొచ్చిన బురద నీళ్ళే ముంచుకుంది. "అవి తాగకండి, ముందు తేరనివ్వండి!" అని అరిచాను. ఆవిడ వెనక్కి తిరిగి, "ఆయ్" అంది. అంటూనే బిందె నెత్తిన పెట్టుకుంది.

నాలుగింటికి ఈఈ గారి జీపొచ్చింది. దిగి, మూసి ఉన్న తలుపుల వైపు చూశారు. నిండిన పిల్లకాలవ వైపు చూశారు. నా వైపు చూశారు. ఆ చూపుకీ చూపుకీ మధ్య ఖాళీలు ఎంత పెద్దవో నేను చెప్పలేను. సంజాయిషీ మొదలుపెట్టబోయాను, మామూలుగా, బోలెడంత.

ఆయన చెయ్యెత్తి ఆపారు. "తెరవలేదన్న సంగతి నాకు పొద్దున్నే తెలుసండి."

"ఎవరు చెప్పారండీ?"

"మీరే చెప్పేరు కదండీ. మా ఇంట్లో చిన్నప్పుడు, స్వరం మారితే అర్థం మారిపోతుందని బెత్తం పెట్టి మరీ నేర్పేరు. ఆ 'ఆయ్' వినగానే తెలిసిపోయిందండి, ఈవిడ తెరవదని."

"మరైతే మళ్ళీ ఫోను చేసి కోప్పడలేదేంటండీ?"

ఆయన తలుపు మీద ఉన్న లస్కరు గారి వైపు చూసి, మొదటిసారి నవ్వారు.

"అంత బాగా పలికేరు. తప్పు పట్టాలనిపించలేదండి."